వయసు మీరిన క్వార్టర్‌బ్యాక్‌ను జట్టు వదులుకొనవలెనా? – ఒక పరిశీలన

ఫుట్‌బాల్ అను మాట వినగానే మన హైదరాబాదువారికి తోచునది కాలితో బంతిని తన్నే ఆట. సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో భారత జట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించినది ఆ ఆటలోనే. అమెరికావారు అదే పేరుతో పిలుచుకొనే ఆట వేరు. అందులో కోడిగుడ్డు ఆకారం గల బంతిని చేతపట్టి పరుగెత్తుతారు, చేతితో విసురుతారు, ప్రత్యర్థిని పట్టి నేలకు పడవేస్తారు. ఆ ఆటలో తరచుగా తలఎత్తే ఒక చిక్కు ప్రశ్నను ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము. ఎన్నో విజయాలు సాధించి పెట్టిన నాయకుడు ముసలివాడై, గాయాలపాలై, మాటిమాటికి మైదానానికి దూరమవుతున్నప్పుడు అతనిని మరొక జట్టుకు ఇచ్చివేయడం న్యాయమా? అది వివేకమా? న్యాయము, వివేకము ఒకే దారిన నడుస్తాయా?

క్వార్టర్‌బ్యాక్ స్థానం

ప్రశ్న అర్థం కావలెనంటే ముందుగా ఆట స్వరూపం కొంత తెలియవలెను. ఒక్కొక్క పక్షాన పదకొండుమంది ఆడుతారు. బంతి చేతనున్న పక్షానికి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు సాగితే మరల నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. ప్రతి ప్రయత్నంలోను బంతి సాధారణంగా మొదట చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికి. బంతిని తోటివానికి అందించవలెనా, దూరంగా పరుగెత్తుతున్న వానికి విసరవలెనా, తానే పరుగెత్తవలెనా అన్నది అతడు రెండు మూడు క్షణాలలో తేల్చుకొనవలెను. ఆ క్షణాలలో అతని చూపు దూరాన ఉన్న తన తోటివారిపై ఉంటుంది. నూరు కిలోలకు మించిన బరువుగల ప్రత్యర్థులు ప్రక్కనుండి, వెనుకనుండి వచ్చి మీదపడతారు. రాబోయే దెబ్బను చూడకుండానే తినవలసిన స్థానం అది. అందువల్లనే అతని అనుభవానికి ఎంత విలువ ఉన్నదో, అతని శరీరానికి అంత ప్రమాదమూ ఉన్నది.

ఇక ‘ట్రేడ్’ అనగా ఆటగాని మార్పిడి. అమెరికా జాతీయ ఫుట్‌బాల్ లీగులో ఒక జట్టు తన ఆటగాని ఒప్పందాన్ని మరొక జట్టుకు బదలాయించి, ప్రతిఫలంగా ఇతర ఆటగాళ్ళనో, కొత్త ఆటగాళ్ళను ఎంచుకొనే హక్కునో పొందవచ్చును. ఏటా విశ్వవిద్యాలయాల నుండి వచ్చే యువకులను జట్లు వరుసక్రమంలో ఎంచుకుంటాయి. దీనికి డ్రాఫ్ట్ అని పేరు. సాధారణంగా క్రితం ఏడు వెనుకబడిన జట్టుకు ముందు అవకాశం లభిస్తుంది. ఈ ఎంపిక హక్కులే మార్పిడి వ్యవహారంలో నాణెములవలె చెలామణి అవుతాయి. ఒప్పందంలో ప్రత్యేక నిబంధన ఉంటే తప్ప ఆటగాని అనుమతి లేకుండానే ఈ మార్పిడి జరిగిపోవచ్చును.

ఒక ప్రసిద్ధ ఉదాహరణము

ఈ సమస్యకు శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు 1993 ఏప్రిల్‌లో తీసుకొన్న నిర్ణయం కంటె చక్కని ఉదాహరణ అరుదు. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా 1979 డ్రాఫ్టులో మూడవ రౌండులో 82వ వానిగా ఎంపికైనవాడు. ఆనాడు అతనిపై గొప్ప ఆశలు పెట్టుకొన్నవారు కొద్దిమందే. శిక్షకుడు బిల్ వాల్ష్ వద్ద అతడు సానపట్టిన వజ్రమైనాడు. అంతకు పూర్వం ఒక్కసారి కూడా సూపర్ బౌల్ గెలువని ఆ జట్టు అతని నాయకత్వంలో 1982, 1985, 1989, 1990 జనవరి మాసాలలో నాలుగు పర్యాయములు విజేత అయినది. 1989లో సిన్సినాటిపై చివరి నిమిషాలలో 92 గజాలు జట్టును నడిపించి 20–16తో గెలిపించిన ఘట్టం ఆ ఆట చరిత్రలో నిలిచిపోయినది.

అయితే ఈ కీర్తికి అతని శరీరం మూల్యం చెల్లించినది. 1986 సెప్టెంబరులో వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగినది. ఇక ఆట మానుకొమ్మని వైద్యులు సలహా ఇచ్చినా, రెండు నెలలు నిండకముందే అతడు తిరిగి మైదానంలో నిలిచాడు. ఆ మరుసటి ఏడే, అనగా 1987లో, జట్టు టాంపా బే నుండి స్టీవ్ యంగ్ అనే యువ క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకొన్నది. మోంటానా వెన్నెముకపై నమ్మకం సడలినప్పుడే వారసుని వెదకుట మొదలైనదని దీనినిబట్టి గ్రహింపవచ్చును. 1991 జనవరి 20న న్యూయార్క్ జయంట్స్‌తో జరిగిన పోటీలో వెనుకనుండి తగిలిన ఘోరమైన దెబ్బకు మోంటానా చేతి ఎముక విరిగినది. జట్టు 13–15తో ఓడినది. ఆ వెంటనే కుడి మోచేయి, అనగా బంతి విసరే చేయి, చెడినది. శస్త్రచికిత్స కారణంగా 1991లో అతడు ఒక్క పోటీ కూడా ఆడలేదు. 1992లో డిసెంబరు 28న డెట్రాయిట్‌తో జరిగిన చివరి లీగు పోటీ రెండవ సగంలో మాత్రమే కనిపించాడు.

ఈలోగా యంగ్ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1992లో అతని నాయకత్వంలో జట్టు 16 పోటీలలో 14 గెలిచినది. లీగులో అత్యుత్తమ ఆటగాడను గౌరవం అతనికి దక్కినది. 1993 జనవరిలో డల్లాస్ చేతిలో 20–30తో ఓడిపోవడంవల్ల మాత్రమే సూపర్ బౌల్ చేరలేకపోయినది. ఆనాటికి మోంటానాకు 36 ఏండ్లు నిండి 37వ ఏడు నడుస్తున్నది. యంగ్ వయసు 31. ఒకే కత్తి ఇమిడే ఒరలో రెండు కత్తులు. ఏమి చేయవలెను?

ఉంచుకొనవలెనను వాదము

ముందుగా మోంటానాను ఉంచుకొనవలెనన్నవారి మాటలను ఆలకింతము. వీరి మొదటి వాదం కృతజ్ఞత. ఊరికి పేరు తెచ్చినవానిని అవసరం తీరిన పిమ్మట పంపివేయడం పండ్లు కోసుకొని చెట్టును నరకడం వంటిదని వీరి అభిప్రాయం. రెండవది అనుభవం. లీగు పోటీలు వేరు, ఓడితే ఇంటికి పోవలసిన ప్లేఆఫ్ పోటీలు వేరు. గుండె దిటవు అక్కడ తెలుస్తుంది. నాలుగు సూపర్ బౌల్‌లు ఆడి నాలుగింటిలోను గెలిచినవాడు మోంటానా. నాయకునిగా ఒక్కదానిలో కూడా ఆడనివాడు యంగ్. మూడవది, మోంటానా తన స్థానాన్ని ఆటలో ఓడి పోగొట్టుకొనలేదు, గాయంవల్ల పోగొట్టుకొన్నాడు. కోలుకొన్నవానికి తన స్థానం తనకు తిరిగి ఇవ్వడమే మర్యాద అని వీరంటారు.

ఈ మూడు వాదాలలోను బలం ఉన్నది. అయితే మొదటిదానిని కొంచెం నిదానంగా పరిశీలింపవలెను. కృతజ్ఞత ఎవరిది? అభిమానులది, యజమానిది, తోటి ఆటగాళ్ళది. కాని జట్టులో మరి నలభైమందికి పైగా ఆటగాళ్ళున్నారు. వారి ఆట ఆయుష్షు కూడ మూడు నాలుగేండ్లో, ఆరేడేండ్లో మాత్రమే. ఒకరిపట్ల కృతజ్ఞతతో బలహీనమైన నిర్ణయం తీసుకొంటే, ఆ ఋణాన్ని తీర్చేది యజమాని కాదు, గెలుపు అవకాశం కోల్పోయే ఆ తోటివారే. తన జేబులోనిది దానమిస్తే ఔదార్యం. పరుల సొమ్ము పంచిపెడితే దానిని ఔదార్యం అనలేము.

వదులుకొనవలెనను వాదము

ఇక రెండవ పక్షం. వీరు మొట్టమొదట చూపేది శరీర ధర్మం. ఇరువదియైదేండ్లవానికి ఆరు వారాలలో మానే గాయం ముప్పదియారేండ్లవానికి ఎక్కువ కాలం పట్టవచ్చును. ఒక గాయాన్ని కాపాడుకొంటూ ఆడితే శరీర భారం మరొక అవయవంపై పడి కొత్త గాయానికి దారితీస్తుంది. రెండవది, జట్టు శిక్షణ యావత్తు క్వార్టర్‌బ్యాక్ చుట్టు తిరుగుతుంది. బంతి అందుకొనేవారు అతని చేతివాటానికి, వేగానికి అలవాటుపడతారు. మోంటానా కుడిచేతివాడు, యంగ్ ఎడమచేతివాడు. బంతి తిరిగే తీరు కూడా వేరు. ఈ వారం ఒకరు, వచ్చేవారం మరొకరు అయితే జట్టంతా తడబడుతుంది. మూడవది, యంగ్ అప్పటికే ఆరేండ్లు జట్టులో ఉన్నాడు, అందులో తొలి నాలుగేండ్లు మోంటానా నీడలోనే గడిపాడు. లీగులో అత్యుత్తముడని పేరు పొందిన పిమ్మట కూడా అతనిని బల్లమీద కూర్చుండబెడితే అతడు మరొక దారి చూసుకొనవచ్చును. ఆటగాళ్ళు స్వేచ్ఛగా జట్టు మారే విధానం లీగులో విస్తృతంగా అమలులోకి వచ్చినది సరిగ్గా 1993లోనే. ముసలి సింహాన్ని నిలుపుకొని పడుచు సింహాన్ని పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది.

జరిగిన దేమి?

జట్టు యాజమాన్యం మోంటానాకు ఇతర జట్లతో మాట్లాడుకొనే అనుమతి ఇచ్చినది. ఫీనిక్స్ కార్డినల్స్, కాన్సస్ సిటీ చీఫ్స్ ఆసక్తి చూపినవి. మోంటానా కాన్సస్ సిటీని కోరుకొన్నాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో తనకు శిక్షణ ఇచ్చిన పాల్ హాకెట్ అక్కడ ఉండడం అందుకు ఒక కారణం. చివరి ఘడియలో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు మనసు ఊగిసలాడినది. తొలి క్వార్టర్‌బ్యాక్ స్థానం నీకే ఇస్తామని చెప్పినది. మోంటానా అంగీకరించలేదు. అలా ఉండిపోతే జట్టు రెండుగా చీలుతుందని అతడు ఎరుగును. చివరకు మోంటానాను, డేవిడ్ విట్‌మోర్ అనే రక్షకుని, 1994 మూడవ రౌండు ఎంపిక హక్కును కాన్సస్ సిటీకి ఇచ్చి, ప్రతిగా 1993 మొదటి రౌండులోని 18వ ఎంపిక హక్కును శాన్ ఫ్రాన్సిస్కో పుచ్చుకొన్నది.

ఫలితాలు ఆసక్తికరములు. 1993లో మోంటానా గాయాలవల్ల 16 లీగు పోటీలలో 11 మాత్రమే ఆడగలిగాడు. అయినా కాన్సస్ సిటీ 11 పోటీలు గెలిచి, 1971 తరువాత మొదటిసారిగా తన విభాగంలో ప్రథమస్థానం పొందినది. 1994 జనవరిలో పిట్స్‌బర్గ్‌తో జరిగిన ప్లేఆఫ్ పోటీలో కొద్ది సమయమే మిగిలియుండగా, నాలుగవ ప్రయత్నంలో, బంతి విసిరి స్కోరు సమం చేసినవాడు అతడే. అదనపు సమయంలో జట్టు 27–24తో గెలిచినది. మరుసటి వారం హ్యూస్టన్‌పై సగం ఆట ముగిసేసరికి 0–10తో వెనుకబడి కూడా 28–20తో గెలిచినది. అటుపై బఫెలోతో జరిగిన పోటీలో తలకు దెబ్బ తగిలి అతడు తప్పుకొనగా జట్టు 13–30తో ఓడినది. అనుభవం విలువ ఎంతటిదో, వయసు ప్రమాదం ఎంతటిదో ఈ మూడు పోటీలు ప్రక్కప్రక్కనే చూపినవి. ఆ తరువాత కాన్సస్ సిటీ మరొక ప్లేఆఫ్ పోటీ గెలుచుటకు 2016 జనవరి వరకు వేచియుండవలసి వచ్చినది.

1994 సెప్టెంబరు 11న పాత జట్టు, కొత్త జట్టు ఎదురుపడినవి. మోంటానా జట్టు 24–17తో గెలిచినది. కాని ఆ ఋతువు ముగింపున, 1995 జనవరి 29న, యంగ్ శాన్ డియాగోపై ఆరు టచ్‌డౌన్‌లకు బంతి విసిరి 49–26తో శాన్ ఫ్రాన్సిస్కోకు అయిదవ సూపర్ బౌల్ సాధించాడు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో మోంటానా ఆట విరమించాడు. ఆ సభ జరిగినది శాన్ ఫ్రాన్సిస్కోలోనే. విడిపోయిన విధానంలో మర్యాద ఉన్నందువల్లనే అతడు తిరిగి ఆ ఊరికి తలఎత్తుకొని రాగలిగాడని మా అభిప్రాయం.

మరికొన్ని నిదర్శనములు

ఒక్క ఉదాహరణతో సూత్రం కట్టరాదు. 1973లో బాల్టిమోర్ జట్టు తన మహానాయకుడు జానీ యునైటస్‌ను శాన్ డియాగోకు అమ్మివేసినది. అప్పటికి అతనికి 39 ఏండ్లు. ఆ నిర్ణయాన్ని ఆటలెక్కలలో తప్పు పట్టలేము. అక్కడ అతడు ఒక్క ఋతువు మాత్రమే, అదియు కొద్ది పోటీలే ఆడాడు. కాని పదిహేడేండ్లు సేవించిన జట్టుతో అతని బంధం చేదుగా ముగిసినది. లెక్క సరియైనా పద్ధతి తప్పవచ్చునని ఇది తెలుపుతున్నది.

2012 మార్చిలో ఇండియానాపొలిస్ జట్టు పేటన్ మానింగ్‌ను మార్పిడి చేయకుండా విడిచిపెట్టినది. మెడకు జరిగిన శస్త్రచికిత్సల కారణంగా అతడు 2011 అంతా ఆడలేదు. ఆండ్రూ లక్ అనే యువకుని మొదటి ఎంపికగా తెచ్చుకొనే అవకాశం జట్టుకు చిక్కినది. మానింగ్ డెన్వర్ చేరి 2013లో 55 టచ్‌డౌన్‌లకు బంతి విసిరి రికార్డు నెలకొల్పాడు. 2016 ఫిబ్రవరిలో 39 ఏండ్ల వయసున సూపర్ బౌల్ గెలిచాడు. ఆ పడుచువాడైన లక్ మాత్రం గాయాలతో విసిగి 2019 ఆగస్టులో, 29 ఏండ్లకే ఆట మానివేశాడు. గాయం ముసలివారి సొత్తు కాదని దీనినుండి నేర్వవలెను.

పిట్స్‌బర్గ్ జట్టు దీనికి భిన్నంగా నడిచినది. బెన్ రాత్లిస్‌బర్గర్ 2019లో రెండు పోటీలు ఆడగానే విసరే చేతి మోచేతికి గాయమై శస్త్రచికిత్స చేయించుకొన్నాడు. అతని స్థానంలో ఆడినవారు నిలదొక్కుకొనలేదు. జట్టు అతనిని నిలుపుకొన్నది. 38 ఏండ్ల వయసున 2020లో అతడు తిరిగివచ్చి వరుసగా మొదటి 11 పోటీలు గెలిపించాడు. ఆ ఋతువు ప్లేఆఫ్‌లో మొదటి మెట్టుమీదనే ఓడిన మాట నిజమే. కాని వారసుడు సిద్ధంగా లేని ఇంట పెద్దవానిని వెళ్ళగొట్టడంవల్ల ఒరిగేది ఏమున్నది?

2023 ఏప్రిల్‌లో గ్రీన్ బే జట్టు 39 ఏండ్ల ఆరన్ రాడ్జర్స్‌ను న్యూయార్క్ జెట్స్‌కు ఇచ్చినది. ఆ బేరంలో ఒక చమత్కారం ఉన్నది. ప్రతిఫలంలో ఒక భాగమైన 2024 రెండవ రౌండు హక్కు, రాడ్జర్స్ ఆ ఏడు జట్టు ఆటలో 65 శాతం ఆడితే మొదటి రౌండు హక్కుగా మారుతుంది. గాయం ప్రమాదాన్ని ఇరుపక్షాలు పంచుకొన్నవన్నమాట. సెప్టెంబరు 11న, తొలి పోటీలో నాలుగవ ప్రయత్నంలోనే, మడమపై స్నాయువు తెగి అతడు ఆ ఋతువంతకు దూరమైనాడు. ఆ హక్కు రెండవ రౌండుదిగానే మిగిలిపోయినది. గ్రీన్ బేలో మాత్రం 2020లోనే తెచ్చి మూడేండ్లు తీర్చిదిద్దిన జోర్డన్ లవ్ సిద్ధంగా ఉన్నాడు.

ధనము సంగతి

1993 నాటికి లేని మరొక చిక్కు నేడు ఉన్నది. 1994 నుండి ప్రతి జట్టుకు జీతాల గరిష్ఠ పరిమితి విధించారు. ఆటగానికి ముందే చెల్లించిన బోనస్‌ను ఒప్పందం నడిచే ఏండ్లకు పంచి లెక్కవేస్తారు. ఉదాహరణకు నాలుగేండ్ల ఒప్పందానికి 40 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చినచో ఏడాదికి 10 లక్షల చొప్పున లెక్కకు వస్తుంది. మొదటి ఏడు ముగియగానే అతనిని మార్పిడి చేస్తే మిగిలిన 30 లక్షలు సాధారణంగా పాత జట్టు లెక్కలోనే ఒక్కసారిగా పడతాయి. ఆటగాడు వేరొకచోట ఆడుతుండగా అతని బరువు ఇక్కడ మోయవలెను. కావున ముసలి ఆటగానితో పెద్ద ఒప్పందం చేసుకొనే రోజుననే వీడ్కోలు లెక్క కూడా వేసుకొనవలసి ఉంటుంది.

మా నిర్ణయము

పై నిదర్శనాలనుండి నాలుగు ప్రశ్నలు తేలుతున్నవి. మొదటిది, వారసుడు మైదానంలో ఋజువైనవాడా, కేవలం ఆశయా? రెండవది, గాయం ఒక్కసారి వచ్చి మానిపోయేదా, ఒకదాని వెంట మరొకటి తెచ్చేదా? మూడవది, లభించే ప్రతిఫలం నష్టానికి తగినదా, గాయం ప్రమాదం ఎవరిపై పడుతున్నది? నాలుగవది, వెళ్ళేవానికి సత్యం చెప్పి, అతని ఇష్టాన్ని అడిగినారా? వయసు ఎంత అన్నది ఈ నాలుగింటిలో లేకపోవడం గమనార్హం. వయసు మనలను ఈ ప్రశ్నలు అడుగుమని హెచ్చరించే గంట మాత్రమే. జవాబు దానిలో లేదు.

ఈ కొలతతో చూచినచో 1993 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో చేసినది సరియైన పని అని మేము భావిస్తున్నాము. 1995 నాటి గెలుపువల్ల అది సరియైనదని మేమనుట లేదు. నిర్ణయాన్ని తూచవలసినది ఆ దినాన చేతనున్న వివరాలతోనే. ఆ దినాన వారసుడు ఋజువై ఉన్నాడు. గాయాలు వెన్నునుండి చేతికి, చేతినుండి మోచేతికి ప్రాకియున్నవి. ప్రతిఫలం తగినంత ఉన్నది. వెళ్ళేవాడు తన గమ్యాన్ని తానే ఎంచుకొన్నాడు. ఈ నాలుగింటిలో మొదటిది లేకుంటే పిట్స్‌బర్గ్ దారియే మేలు. నాలుగవది లేకుంటే లెక్క గెలిచినా యునైటస్ విషయంలోవలె మచ్చ మిగులుతుంది.

విద్యార్థి మిత్రులు రేపు కార్యాలయాలలోను, పాఠశాలలలోను, కర్మాగారాలలోను ప్రవేశిస్తారు. కొందరు యంగ్‌వలె పెద్దవారి వెనుక ఏండ్ల తరబడి వేచియుండవలసి వస్తుంది. ఏదో ఒకనాడు ప్రతివారు మోంటానా స్థానంలో కూడా నిలువవలసి వస్తుంది. స్థానం ఎవరికీ శాశ్వతం కాదు. కాని స్థానం ఇమ్మని అడిగేవారు అర్హతతో అడగడం, ఖాళీ చేయమని చెప్పేవారు ముఖాముఖి నిజం చెప్పడం, ఖాళీ చేసేవారు చీలిక తేకుండ సాగిపోవడం మన చేతిలోని పని. ఆ మూడును ఒకచోట కూడినందువల్లనే ఒక మార్పిడి రెండు జట్లకును, ఇద్దరు మహాక్రీడాకారులకును మేలు చేసినది.